కుక్కపిల్లకు ముందు ఒక లెక్క

పిల్లలూ!

మీలో ఎంతమందికి కుక్కపిల్లను పెంచుకోవాలని ఉన్నది? చేతులెత్తండి అంటే, ఈ పేజీ చదివే వాళ్లందరూ రెండేసి చేతులు ఎత్తుతారని నాకు తెలుసు. చాలా సంవత్సరాలు బడిలో పాఠాలు చెప్పినవాణ్ణి గదా! కుక్కపిల్ల మాట వచ్చిందంటే చాలు, చివరి బెంచీలో కునికిపాట్లు పడే పిల్లవాడు కూడా లేచి నిటారుగా కూర్చునేవాడు.

కోరిక మంచిదే. కాని ఆ కోరికకూ కుక్కపిల్లకూ మధ్య ఒక లెక్క ఉన్నది. చిన్నతనంలో నేను ఆ లెక్క చెయ్యలేదు. లెక్క తప్పితే బడిలో మనకు మార్కులు పోతాయి. ఈ లెక్క తప్పితే మాత్రం నష్టపోయేది మనం కాదు, మనల్ని నమ్ముకున్న మూగజీవి. ముందు నా సంగతి చెబుతాను, వినండి.

మాది తిరువూరు. ఇప్పుడది ఎన్.టి.ఆర్. జిల్లాలో ఉన్నది గాని, 2022 వరకు కృష్ణా జిల్లాలోనే ఉండేది. 1971లో నాకు పదేళ్లు. ఊరి చివర మామిడితోటలో ఒక కుక్క ఈనింది. నేను రోజూ బడి ఎగ్గొట్టినంత పని చేసి, పోయి ఆ పిల్లల్ని చూసి వచ్చేవాణ్ణి. వాటిలో ఒకదానికి ఒళ్లంతా గోధుమరంగు, ముందుకాళ్లు మాత్రం తెలుపు. ఒకనాడు దాన్ని చొక్కాలో దాచుకుని ఇంటికి తెచ్చేశాను. జిమ్మీ అని పేరు పెట్టాను.

మా నాన్నగారు చూసి, ''దీన్ని ఎవరు చూస్తార్రా?'' అని ఒక్క ప్రశ్న వేశారు.

''నేను చూస్తాను నాన్నగారూ!'' అన్నాను. అనడానికి ఎంతసేపు పడుతుంది?

మొదటి వారం రోజులు నేనే చూశాను. తరువాత జిమ్మీకి అన్నం పెట్టేది మా అమ్మ, వాకిలి శుభ్రం చేసేది మా అమ్మ. ఆడుకునేది మాత్రం నేను. ఒకసారి ఆటలో దాని పన్ను నా చేతికి గీరుకుని నెత్తురు వచ్చింది. ఆ రోజుల్లో కుక్క కరిస్తే పొట్టమీద 14 సూదులు పొడుస్తారని పిల్లలందరమూ హడలిపోయేవాళ్లం. అందుకని నేను ఎవరికీ చెప్పకుండా, చేతికి గుడ్డ చుట్టుకుని, పలకమీద పడ్డానని అబద్ధమాడాను. నా అదృష్టం బాగుండి ఏమీ కాలేదు. అది ఎంత ప్రమాదమో చాలా కాలానికి గాని నాకు తెలియలేదు. ఆ సంగతి మళ్లీ చెబుతాను.

వేసవి సెలవులు వచ్చాయి. ఏటా మాదిరిగానే అమ్మమ్మగారి ఊరికి ప్రయాణం కట్టాము. బస్సులో కుక్కను ఎక్కించుకోరు. ''మరి జిమ్మీ?'' అన్నది అమ్మ. ''పక్కింటి అబ్బాయికి చెప్పాను'' అన్నాను. చెప్పాను, నిజమే. గోలీలు ఆడుతూ ఆడుతూ, ''మా జిమ్మీని చూస్తూ ఉండరా'' అన్నాను. వాడు, ''ఊఁ'' అన్నాడు. అంతే. వాళ్ల అమ్మనడగలేదు. ఏం పెట్టాలో, ఎప్పుడు పెట్టాలో, ఎన్నాళ్లు పెట్టాలో చెప్పలేదు. జిమ్మీని వేపచెట్టుకు తాడుతో కట్టి, ముంతలో నీళ్లు పోసి, బస్సెక్కేశాను.

ఇరవై రోజుల తరువాత తిరిగి వచ్చేసరికి వేపచెట్టు కింద కొరికిన తాడు ముక్క ఉన్నది. ముంత ఎండిపోయి ఉన్నది. పక్కింటి అబ్బాయి రెండు రోజులు అన్నం పెట్టాడట. మూడవ నాడు వాళ్లు కూడా ఊరికి వెళ్లారట. వాణ్ణి ఏమనగలను? వాడు నాకంటె చిన్నవాడు.

ఊరంతా వెతికాను. చివరికి బస్‌స్టాండు దగ్గర టీకొట్టు ఆయన, ''తెల్లకాళ్ల కుక్కేనా? నాలుగైదు రోజులు ఇక్కడే తిరిగింది బాబూ. బస్సు వచ్చినప్పుడల్లా లేచిపోయి, దిగేవాళ్లందరినీ వాసన చూసేది. తరువాత కనిపించలేదు'' అన్నాడు.

నాకూ మళ్లీ ఎన్నడూ కనిపించలేదు.

పిల్లలూ, ఆ రాత్రి మా నాన్నగారు నన్ను కొట్టలేదు, తిట్టలేదు. ''ఎవరు చూస్తార్రా అని అందుకే అడిగాను'' అన్నారు. ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉన్నది.

పెద్దవాణ్ణయిన తరువాత నేను హచికో కథ చదివాను. జపాను దేశంలో టోక్యో నగరంలో ఉయెనో అనే ప్రొఫెసరుగారు ఉండేవారు. ఆయన కుక్క హచికో. సాయంత్రం ఆయన వచ్చే రైలు కోసం అది షిబుయా స్టేషనుకు పోయి ఎదురుచూసేది. 1925 మే నెలలో ఆయన పనిచేసే చోటే హఠాత్తుగా చనిపోయారు. హచికోకు ఆ సంగతి ఎవరు చెబుతారు? చెప్పినా ఎలా అర్థమవుతుంది? 1935 మార్చి 8న తాను చనిపోయేదాకా, సుమారు పదేళ్లపాటు, అది ఆ స్టేషనుకు వస్తూనే ఉన్నది. అది బ్రతికి ఉండగానే, 1934లో, అక్కడ దాని కంచు విగ్రహం నిలబెట్టారు. ఆ కథ చదివి అందరూ ఆ కుక్కను మెచ్చుకుంటారు. నేను మాత్రం మా ఊరి బస్‌స్టాండును తలుచుకున్నాను.

మన భారతంలోనూ ఒక కుక్క ఉన్నది. మహాప్రస్థానంలో ద్రౌపదీ, తమ్ములూ ఒక్కొక్కరే పడిపోగా, చివరిదాకా ధర్మరాజు వెంట నడిచింది ఒక కుక్క. ఇంద్రుడు వచ్చి, కుక్కను వదిలేసి రథమెక్కు, స్వర్గానికి పోదామంటే ధర్మరాజు ఒప్పుకోలేదు. నమ్మి వెంట వచ్చినదాన్ని వదిలిపెట్టి నాకు స్వర్గం అక్కర్లేదన్నాడు. ఆయన స్వర్గాన్నే కాదన్నాడు. నేనేమో అమ్మమ్మగారి ఇంట్లో మామిడిపళ్లను కాదనలేకపోయాను.

ఇక లెక్కలోకి వద్దాం.

పోయిన సంవత్సరం మా వీధిలో ఏడవ తరగతి చదివే అమ్మాయి ఒకతె అట్టపెట్టె పట్టుకుని మా ఇంటికి వచ్చింది. ''మాస్టారూ, మా నాన్నగారికి మీరు చెబితే వింటారు. దీన్ని ఉంచుకోనిమ్మని చెప్పరా?'' అన్నది. పెట్టెలో నెల కూడా నిండని కుక్కపిల్ల. కళ్లు తెరిచి ఎన్నో రోజులు కాలేదు.

''ముందు దీన్ని వాళ్లమ్మ దగ్గర వదిలిరా తల్లీ'' అన్నాను. ''కుక్కపిల్ల ఎనిమిది వారాలైనా తల్లి దగ్గర ఉండాలి. తల్లిపాలవల్ల దానికి రోగాలను ఎదుర్కొనే బలం వస్తుంది. అన్నదమ్ములతో కొట్లాడుతూ, ఎంత గట్టిగా కరిస్తే నొప్పి పుడుతుందో నేర్చుకుంటుంది. ఈ లోపల మనం ఒక లెక్క చేద్దాం.''

ఆ అమ్మాయి పరుగున పోయి వచ్చి, నోటు పుస్తకం తెరిచింది.

మొదటిది కాలం. కుక్క సుమారు పది పన్నెండేళ్లు బ్రతుకుతుంది. పిల్లి ఇంకా ఎక్కువ కాలం కూడా బ్రతుకుతుంది. ''నీకిప్పుడు పన్నెండేళ్లు. కుక్క ముసలిదయ్యేసరికి నీకెన్నేళ్లు?'' అన్నాను. ''ఇరవైనాలుగు'' అన్నది. ''అప్పటికి నువ్వు ఏ కాలేజీలో చదువుతుంటావో, ఏ ఊళ్లో ఉద్యోగం చేస్తుంటావో! కుక్క మాత్రం ఇక్కడే ఉంటుంది. అప్పుడు ఎవరు చూస్తారు?'' ఆ అమ్మాయి కలం ఆపి ఆలోచించింది.

రెండవది రోజూ పట్టే సమయం. ఉదయం అరగంట, సాయంత్రం అరగంట తిప్పాలి. అంటే రోజుకు గంట, సంవత్సరానికి 365 గంటలు, పన్నెండేళ్లకు 4,380 గంటలు. వాటిని రోజులుగా మారిస్తే రాత్రింబగళ్లు కలిపి 182 రోజులు దాటుతుంది. వానపడినా, పరీక్షలున్నా, మనసు బాగుండకపోయినా ఈ గంటను మిగుల్చుకోవడానికి వీల్లేదు.

మూడవది డబ్బు. తిండికి రోజుకు 50 రూపాయలే అనుకోండి. సంవత్సరానికి 18,250 రూపాయలు. పన్నెండేళ్లకు 2,19,000 రూపాయలు! పెద్ద జాతి కుక్క అయితే ఇంకా ఎక్కువ. కొని తెచ్చిన కుక్క ధర ఒకసారి ఇచ్చేది. తిండి ఖర్చు రోజూ ఇచ్చేది. పైగా ఇందులో మందులు, టీకాలు కలపలేదు సుమా!

నాలుగవది తిండి. మన పళ్లెంలో మిగిలినదల్లా కుక్కకు పనికిరాదు. ఆవకాయ కలిపిన అన్నం, ఉప్పూ కారమూ దట్టించిన కూరలు దానికి మంచివి కావు. ఉల్లిపాయలు, ద్రాక్షపళ్లు, కిస్‌మిస్, చాకొలెట్టు దానికి విషంలాంటివి. చాకొలెట్టులో ఉండే థియోబ్రోమిన్ అనే పదార్థాన్ని మన శరీరం త్వరగా వదిలించుకుంటుంది, కుక్క శరీరం వదిలించుకోలేదు. ఉడికిన కోడి ఎముకలు పుల్లల్లా చీలి పేగుల్లో గుచ్చుకుంటాయి. పాలు కూడా చాలా కుక్కలకు సరిగా అరగవు. కారం లేని అన్నం, ఉడికించిన గుడ్డు, మాంసం, ఎప్పుడూ మంచినీళ్లు - ఇవి చాలు. ఎంత పెట్టాలో పశువుల డాక్టరుగారిని అడిగి తెలుసుకోవాలి.

అయిదవది ఆరోగ్యం. ఇది అన్నిటికంటె ముఖ్యం. కుక్కపిల్లకు ఆరేడు వారాలు వచ్చినప్పటినుంచి టీకాలు మొదలుపెట్టి, డాక్టరుగారు చెప్పిన తేదీలకు మళ్లీ మళ్లీ వేయించాలి. 1978లో ప్రపంచమంతా పాకిన పార్వో అనే వైరస్ ఉన్నది. టీకా వెయ్యని పిల్లలకు అది సోకితే నెత్తుటి విరేచనాలై కొద్ది రోజుల్లోనే ప్రాణం తీస్తుంది. కడుపులో ఏలికపాములకు మందు పట్టించాలి. ఎందుకంటే ఆ పాముల గుడ్లు మట్టిలోంచి పిల్లల చేతుల ద్వారా కడుపులోకి పోగలవు. అందుకే కుక్కను ముట్టుకున్న తరువాత చేతులు కడుక్కోవాలి. గోమార్లు పట్టకుండా చూడాలి.

మూడు నెలల వయసు వచ్చేసరికి రేబిస్ టీకా వేయించాలి. తరువాత డాక్టరుగారు చెప్పినట్లు ఏటా వేయిస్తూ ఉండాలి. రేబిస్ అంటే పిచ్చికుక్క కాటువల్ల వచ్చే జబ్బు. ఆ వైరస్ నరాల వెంట మెల్లగా మెదడుకు ప్రాకుతుంది. జబ్బు లక్షణాలు కనిపించాయంటే ఇక బ్రతికించడం దాదాపు అసాధ్యం. కాని లక్షణాలు రాకముందే టీకా వేయిస్తే పూర్తిగా తప్పించుకోవచ్చు. ఈ సంగతి లోకానికి చూపించినవాడు ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞుడు లూయీ పాశ్చర్. 1885 జూలై 6న, పిచ్చికుక్క కరిచిన జోసెఫ్ మైస్టర్ అనే తొమ్మిదేళ్ల కుర్రవానికి ఆయన టీకా ఇప్పించాడు. కుర్రవాడు బ్రతికాడు. పాశ్చర్ కన్నుమూసిన సెప్టెంబరు 28వ తేదీనే ఇప్పుడు ప్రపంచ రేబిస్ దినంగా జరుపుతున్నారు.

కాబట్టి పిల్లలూ, కుక్కగాని పిల్లిగాని కరిచినా, గీరినా, అది మీ పెంపుడుదే అయినా, గాయాన్ని వెంటనే సబ్బుతో, ధారగా పడే నీళ్లకింద పదిహేను నిమిషాలు కడగండి. ఆ తరువాత పెద్దలకు చెప్పండి. వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. నాలాగా గుడ్డ చుట్టుకుని దాచకండి! ఆనాటి పొట్టసూదులు ఇప్పుడు లేవు. ఇప్పటి టీకా చేతికి వేస్తారు. డాక్టరుగారు ఎన్నిసార్లు రమ్మంటే అన్నిసార్లూ వెళ్లాలి. మధ్యలో మానకూడదు.

ఆరవది ఎండ. మా తిరువూరు ఎండలు మీకు తెలియవు. మే నెలలో కాకి కూడా చెట్టు దిగదు. మనకు ఒళ్లంతా చెమటపట్టి చల్లబడుతుంది. కుక్కకు చెమట పట్టేది ముఖ్యంగా పాదాల కింద మాత్రమే. అందుకని అది నాలుక బయటపెట్టి రొప్పి, నోటి తేమ ఆవిరయ్యేట్టు చేసి చల్లబడుతుంది. దానికి నీడా నీళ్లూ లేకపోతే వడదెబ్బ తగులుతుంది. మంచుదేశాల నుంచి వచ్చిన ఒత్తుబొచ్చు కుక్కలను, ముక్కు చప్పిడి కుక్కలను అందంగా ఉన్నాయని ఇక్కడ కొంటారు. ఒకదానికి వేడి, ఇంకొకదానికి ఊపిరి కష్టం. మన వీధిలో పుట్టిన నాటుకుక్క ఈ ఎండకు అలవాటుపడ్డది. దాన్ని తెచ్చుకుంటే ఒక దిక్కులేని ప్రాణికి ఇల్లు దొరుకుతుంది.

ఏడవది పిల్లలు. ఆడకుక్క ఒక్కొక్క ఈతకు నాలుగైదు పిల్లలను, ఒక్కొక్కసారి ఇంకా ఎక్కువ పిల్లలను పెడుతుంది. రెండు నెలలు కడుపుతో ఉంటుంది. వాటినన్నిటినీ ఎవరు పెంచుతారు? గోనెసంచిలో వేసి ఊరిబయట వదిలేవాళ్లను నేను చూశాను. అది పాపమే కాదు, నేరం కూడా. జంతువులను హింసించడాన్ని నిషేధించే చట్టం మనకు 1960లోనే వచ్చింది. ఆకలిదప్పులతో బాధపడేలా జంతువును వదిలివేయడం, పొట్టి గొలుసుతో అదేపనిగా కట్టి ఉంచడం ఆ చట్టం ప్రకారం నేరాలు. అందుకని తగిన వయసులో పిల్లలు పుట్టకుండా ఆపరేషను చేయించాలి.

చట్టం మాట వచ్చింది గనుక ఇంకొకటి. తాటిచెట్టు తొర్రలోంచి రామచిలుక పిల్లలను తీసి పంజరంలో పెట్టకండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం రామచిలుకను పెంచకూడదు. నక్షత్ర తాబేలునూ పెంచకూడదు. కుక్క కనీసం పదిహేను వేల ఏళ్లుగా మనిషి దగ్గర పెరుగుతున్నది. చిలుక అలా కాదు. దాని ఇల్లు ఆకాశం.

ఇంత లెక్కా వ్రాసుకుని ఆ అమ్మాయి దిగాలుగా చూసింది. ''అంటే వద్దంటారా మాస్టారూ?''

''వద్దనలేదు తల్లీ. కుక్క లేకుండానే నెలరోజులు కుక్కను పెంచి చూడు'' అన్నాను.

మర్నాటి నుంచి మా వీధివాళ్లకు మంచి కాలక్షేపం దొరికింది. ఉదయం ఆరు గంటలకల్లా ఆ అమ్మాయి ఉత్త తాడు చేత్తో పట్టుకుని వీధి చివరిదాకా నడిచి వచ్చేది. ''అమ్మాయీ, కుక్కేదీ?'' అని అందరూ నవ్వేవాళ్లు. ''ఇంకా రాలేదండీ. నేను నేర్చుకుంటున్నాను'' అనేది. రోజూ ముంత తోమి నీళ్లు నింపేది. వాళ్ల నాన్నగారు రోజుకు 50 రూపాయలు మట్టి హుండీలో వేసేవారు.

పన్నెండవ నాడు ఆ అమ్మాయికి జ్వరం వచ్చింది. ఉత్త తాడు గోడకే వేలాడింది. సాయంత్రం నేను చూడబోతే, కళ్లనీళ్లు పెట్టుకుని, ''తప్పిపోయాను మాస్టారూ'' అన్నది.

''తప్పలేదు. అసలు ప్రశ్న ఇప్పుడే నీకు దొరికింది. నీకు జ్వరం వస్తే ఎవరు చూస్తారు?''

ఆ రాత్రి ఆ ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకున్నారట. ఉదయం తిప్పడం అమ్మాయి, సాయంత్రం తమ్ముడు, తిండి అమ్మ, ఆసుపత్రి నాన్నగారు. ఒకరికి వీలుకాకపోతే ఇంకొకరు. నాన్నమ్మకు కుక్కంటే భయం, కనుక వంటింట్లోకి రానివ్వకూడదని షరతు. అంతా కాగితంమీద వ్రాసి గోడకు అంటించారు. నెల నిండేసరికి హుండీలో 1,500 రూపాయలు ఉన్నాయి. తల్లి దగ్గర పెరిగిన పిల్లకు ఎనిమిది వారాలు దాటాయి. దాన్ని తెచ్చుకుని, ఆ డబ్బు పెట్టుకుని ముందు పశువుల డాక్టరుగారి దగ్గరికి, ఆ తరువాతే ఇంటికి తీసుకుపోయారు.

మొన్న వేసవిలో వాళ్లు ఖమ్మంలో పెళ్లికి వెళ్లవలసి వచ్చింది. ప్రయాణానికి రెండు రోజుల ముందే ఆ అమ్మాయి మా ఇంటికి వచ్చి, ''మాస్టారూ, మూడు రోజులు మా కుక్కను మీ దగ్గర ఉంచుకుంటారా? మీకు వీలుకాకపోతే మొహమాటం లేకుండా చెప్పండి. వేరే ఏర్పాటు చేస్తాను'' అన్నది. నేను సరేనన్న తరువాత బియ్యం, గుడ్లు, దాని పళ్లెం, పడుకునే గోనెపట్ట తెచ్చి ఇచ్చింది. ఎన్ని గంటలకు ఏం పెట్టాలో, డాక్టరుగారి ఫోను నంబరు ఎంతో, అన్నీ వ్రాసిన కాగితం నా చేతిలో పెట్టింది. ఆ కాగితం అడుగున, ''సాయంత్రం గేటు వైపు చూస్తూ కూర్చుంటుంది. కాసేపు పక్కన కూర్చోండి'' అని ఉన్నది.

ఆ మూడు సాయంత్రాలూ నేను దాని పక్కనే కూర్చున్నాను. వీధిలో ఏ చప్పుడైనా అది చెవులు రిక్కించి లేచేది. నేను వీపు నిమిరితే మళ్లీ కూర్చునేది. నాలుగవ రోజు ఉదయం ఆటో ఆగగానే అది గేటుమీదికి ఎలా ఎగిరిందో చూడవలసిందే! దిగుతున్న వాళ్లందరినీ వరసగా వాసన చూసి, చివరికి ఆ అమ్మాయిని పట్టుకున్నది.

నేను జిమ్మీకి చెయ్యని పని, ఏడవ తరగతి పిల్ల చేసింది. నేను ఇన్నేళ్లు బడిలో ఎన్నో లెక్కలు దిద్దాను. ఇంత సరిగా చేసిన లెక్కను చూడలేదు.

పిల్లలూ! మీరూ ఒక నోటు పుస్తకం తీసుకోండి. కాలం, సమయం, డబ్బు, తిండి, ఆరోగ్యం, ఎండ, పిల్లలు - ఈ ఏడూ వరసగా వ్రాయండి. ప్రతి దాని ఎదుటా, ''ఎవరు చూస్తారు?'' అన్న ప్రశ్నకు ఒక పేరు వ్రాయండి. అన్నిటికీ పేర్లు దొరికితే అమ్మకూ నాన్నకూ చూపించండి. ఒక్కచోట ఖాళీ మిగిలినా ఇంకొంత కాలం ఆగండి. ఆగడం తప్పు కాదు. ఈ లోపల మీ ఇంటిముందు నీడలో ఒక మూకుడు పెట్టి, రోజూ మంచినీళ్లు పొయ్యండి. అది కూడా పెంచడమే. రోజూ పొయ్యగలిగారా, కుక్కపిల్ల తాడు పట్టుకునే అర్హత మీకు సగం వచ్చినట్టే.